స్పోర్ట్స్ కారులో సౌకర్యాలు: అపోహలు - వాస్తవాలు

డల్లాస్ శివార్లలో స్పోర్ట్స్ కార్లు బాగుచేసే వర్క్‌షాపులో 18 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మొదట్లో మా దగ్గరికి తెలుగువాళ్లు అరుదుగా వచ్చేవాళ్లు. ఇప్పుడు ఫ్రిస్కో, ప్లేనో వైపు నుంచి నెలకు ఇద్దరు ముగ్గురైనా వస్తున్నారు. ఇంట్లో పెద్ద ఎస్‌యూవీ ఉంటుంది, పిల్లలు కాస్త ఎదిగారు, ఎన్నాళ్ల నుంచో ఉన్న కోరిక తీర్చుకుందామని మాజ్డా మియాటానో, పోర్షే బాక్‌స్టరో, పోర్షే 911నో చూస్తుంటారు. కొనేముందు ఒకసారి చూసిపెట్టమని నన్ను పిలుస్తారు. నేను కారు కింద పడుకుని తుప్పు వెతుకుతుంటే వాళ్లు పైనుంచి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, ఇన్ని సౌకర్యాలున్నాయి, ఇది అసలు స్పోర్ట్స్ కారేనా?" ఇంకొందరు తిరగేసి అడుగుతారు. "ఇందులో ఏమీ లేదు కదా, ఇంత డబ్బెందుకు?"

ఈ రెండింటి చుట్టూ చాలా అపోహలున్నాయి. నేను చేత్తో విప్పి, తూకం వేసి తెలుసుకున్నవి రాస్తున్నాను.

అపోహ: అసలైన స్పోర్ట్స్ కారుకు ఏసీ ఉండదు.

1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40నే చూడండి. రేడియో లేదు, కార్పెట్ లేదు, పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు. లోపలి నుంచి డోరు తీయాలంటే ఒక తాడు లాగాలి. అంత కటువైన కారులో కూడా ఏసీ పెట్టారు. రెండు టర్బోల ఇంజను వీపు వెనకే మండుతుంటే లోపల కూర్చున్న మనిషి ఉడికిపోతాడని వాళ్లకు తెలుసు.

1992 నాటి మెక్‌లారెన్ ఎఫ్1 ఇంకా మంచి పాఠం. దాని డిజైనర్ గోర్డన్ ముర్రే దాన్ని 1,138 కిలోలకు దించాడు. బ్రేకులకు బూస్టర్ (కాలి బలాన్ని పెంచే భాగం) పెట్టలేదు, స్టీరింగ్‌కు పవర్ సాయం ఇవ్వలేదు. కానీ ఏసీ ఉంది, సీడీ ప్లేయర్ ఉంది, సామాన్ల అరల కొలతకు కుట్టించిన బ్యాగులూ ఉన్నాయి. ఆ సీడీ ప్లేయర్‌ను కెన్‌వుడ్ చేత ప్రత్యేకంగా తేలిగ్గా చేయించారు. ఈ లెక్కను నేను ఇలా చదువుకుంటాను: డ్రైవరు చేతికీ కాలికీ రోడ్డుకీ మధ్య అడ్డం వచ్చేవి తీసేశాడు, డ్రైవరును నిలకడగా ఉంచేవి ఉంచాడు. ఏ కారు చూసినా నేను మొదట వేసుకునే ప్రశ్న ఇదే. ఈ వస్తువు ఆ మధ్యలో ఉందా, పక్కన ఉందా?

ఇక బరువు సంగతి. నాలుగేళ్ల కిందట ఒక కుర్రాడు 1990ల నాటి మియాటా తెచ్చి "ఏసీ మొత్తం పీకేయండన్నా" అన్నాడు. వద్దని చెప్పాను, వినలేదు. కంప్రెసర్, కండెన్సర్, పైపులు, బ్రాకెట్లు అన్నీ తీసి తూకం వేస్తే 17 కిలోలు వచ్చింది. ఆ కారు ట్యాంకులో 45 లీటర్ల పెట్రోలు పడుతుంది. అంటే తీసేసింది సగం ట్యాంకు పెట్రోలంత బరువు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లు కంప్రెసర్‌ను వాటంతట అవే ఆపేస్తాయి కాబట్టి, అసలు బలం కావాల్సిన క్షణంలో ఏసీ పెద్దగా తినేదేమీ లేదు కూడా.

తర్వాత జులై వచ్చింది. ఇక్కడి జులై, ఆగస్టులు మన విజయవాడ మే నెలకు తీసిపోవు. అతను పొద్దున ఎనిమిదిలోపు తిప్పితే తిప్పినట్టు, లేకపోతే కారు గరాజ్‌లోనే. ఏడాది తర్వాత ఆయిల్ మార్చడానికి తెచ్చినప్పుడు మీటరు చూస్తే 400 మైళ్లు కూడా తిరగలేదు. మళ్లీ ఏసీ పెట్టమన్నాడు. తీయడానికి అయిన ఖర్చుకు మూడింతలు పైనే అయింది. డ్రయర్ (గ్యాసులో తేమ పీల్చే డబ్బా) కొత్తది వేయాలి, ఓ-రింగులన్నీ (అతుకుల దగ్గరి రబ్బరు రింగులు) మార్చాలి, వ్యాక్యూమ్ పట్టి గ్యాసు నింపాలి. (మీరు సొంతంగా తీద్దామనుకుంటే ఒక మాట: గ్యాసును గాల్లోకి వదలడం ఇక్కడ చట్ట విరుద్ధం. లైసెన్సు ఉన్నవాళ్ల చేత మెషీన్‌తోనే లాగించాలి.)

అపోహ: ఏ కిలో అయినా ఒకటే, ఎక్కడ తగ్గించినా లాభమే.

కిలో ఎక్కడుందో చూడాలి. సీటు కింద నేలకు దగ్గరగా ఉన్న 10 కిలోలు మలుపులో పెద్దగా తెలియవు. అదే 10 కిలోలు నెత్తిమీద ఉంటే కారు ఒరగడంలో స్పష్టంగా తెలుస్తుంది. మూడో తరం మియాటాకు 2006లో బటన్ నొక్కితే మడుచుకునే గట్టి టాపు వచ్చింది. బట్ట టాపు కంటే అది 35 కిలోలకు పైనే ఎక్కువ. ఏసీ కంటే ఇది నాకు ఎక్కువ ఆలోచించాల్సిన విషయం. టాపు మూసి హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకు అది నిజంగా విలువైనదే. వారాంతంలో టాపు తెరిచి మాత్రమే నడిపేవాళ్లు ఆ మోటార్లను, లాకులను ఊరికే మోస్తున్నట్టు.

అన్నిటికంటే చెడ్డ బరువు చక్రాల్లో ఉంటుంది. స్ప్రింగుల కింద వేలాడే బరువు అది. పైగా తిరుగుతుంటుంది. గుంత మీద చక్రం పైకి లేచి మళ్లీ రోడ్డును తాకడానికి ఎంతసేపు పడుతుందన్నది దాని బరువు మీద ఆధారపడుతుంది. మొదటి తరం మియాటా 14 అంగుళాల చక్రాలతో వచ్చింది. దానికి 17 అంగుళాలవి వేసుకుని, పలచని టైర్లు తొడిగి, ఆ తర్వాత బరువు తగ్గించాలని రేడియో పీకించుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పెద్ద చక్రం సౌకర్యాన్నీ పోగొడుతుంది, కారు చురుకునూ పోగొడుతుంది.

అపోహ: సస్పెన్షన్ ఎంత గట్టిగా ఉంటే కారు అంత వేగం.

నునుపైన ట్రాక్ మీద కొంతవరకు నిజమే. మామూలు రోడ్డు మీద కాదు. టైరు రోడ్డును వదలకుండా పట్టుకుని ఉంటేనే పట్టు. స్ప్రింగు మరీ గట్టిదైతే ప్రతి అతుకు దగ్గరా టైరు ఎగిరి పడుతుంది. ఎగిరిన క్షణంలో బ్రేకూ పనిచేయదు, స్టీరింగూ పనిచేయదు. మీ నడుముకు తగిలే దెబ్బ, టైరు పట్టు తప్పిందని చెప్పే సంకేతం కూడా.

బరువైన కారు మలుపులో ఒరగకుండా ఉండాలంటే గట్టి స్ప్రింగులు వేయక తప్పదు. తేలికైన కారుకు ఆ అవసరం తక్కువ. 1996లో వచ్చిన తొలి లోటస్ ఎలీజ్ 725 కిలోలు. లోపల చూస్తే అల్యూమినియం బయటికి కనిపిస్తుంటుంది, సౌకర్యమనేదే లేదు. కానీ గతుకుల మీద దాని నడక మెత్తగా ఉంటుంది. 2017లో వచ్చిన ఆల్పీన్ ఎ110 కూడా అంతే. సుమారు 1,100 కిలోల కారు, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టే సస్పెన్షన్), స్ప్రింగులు మెత్తవి, అవి పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు దెబ్బ తగలకుండా హైడ్రాలిక్ స్టాపులు. దాని బకెట్ సీటు ఒక్కోటి 13.1 కిలోలు. మోటార్లున్న తోలు సీట్లు నేను విప్పి తూచినప్పుడు దాదాపు దానికి రెట్టింపు వచ్చాయి. వెనక బ్రేకు కాలిపర్‌లోనే (ప్యాడ్లను నొక్కే భాగం) పార్కింగ్ బ్రేకును కలిపేసి 2.5 కిలోలు మిగిల్చారు. అందులో ఏసీ ఉంది, స్క్రీన్ ఉంది, రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చు. సౌకర్యాన్నీ తేలికతనాన్నీ ఒకే కారులో కుదర్చాలంటే ఇలా గ్రాము గ్రాము వెతకాలి. ఆ పని చేసిన ఇంజనీర్లంటే నాకు చాలా గౌరవం.

అపోహ: పవర్ స్టీరింగ్ పైపులు తీసేస్తే చాలు, చేతికి రోడ్డు తెలిసిపోతుంది.

పాత మియాటాల్లో పవర్ సాయం లేని ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) ఒకటి కంపెనీ నుంచే వచ్చింది. దాని పళ్ల నిష్పత్తి నెమ్మది, అంటే చక్రం కొంచెం ఎక్కువ తిప్పాలి, బదులుగా తేలిగ్గా తిరుగుతుంది. పవర్ ర్యాక్ నిష్పత్తి చురుకు. దానికి పంపు తీసేసి పైపులు కలిపేస్తే ఆ చురుకు నిష్పత్తినే మీ భుజాలతో తిప్పాలి, పైగా లోపలి సీలు రాపిడి అలాగే ఉంటుంది. పార్కింగ్‌లో నరకం. చేయదలిస్తే ర్యాక్ విప్పి లోపలి సీలు తీసి చేయాలి, లేదా కంపెనీ మాన్యువల్ ర్యాక్ వెతికి వేయాలి. నా మాట అడిగితే, ముందు అరిగిన బుష్‌లు, బాల్ జాయింట్లు మార్చి అలైన్‌మెంట్ చేయించండి. స్టీరింగ్‌లో ఏమీ తెలియట్లేదని వచ్చిన కార్లలో సగానికి పైగా నేను ఇంతటితోనే బాగుచేశాను.

అపోహ: మాన్యువల్ గేరు ఉంటే వేగం, ఆటోమేటిక్ అంటే సుఖం కోసం.

డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేరు మార్చేది) ఏ మనిషి కంటే అయినా వేగంగా గేరు మారుస్తుంది. అందుకే పోర్షే 2013లో 911 జీటీ3ని పీడీకే అనే తన డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సుతో మాత్రమే ఇచ్చింది. కానీ 2016లో మాన్యువల్‌తో మాత్రమే 991 కార్లు చేసిన 911 ఆర్ కోసం జనం ఎగబడ్డారు. మరుసటి ఏడాది జీటీ3కి మాన్యువల్ తిరిగొచ్చింది. మాన్యువల్ కావాలనుకోవడానికి నడపడంలో ఉన్న ఆనందం ఒక్కటే చాలు, వేగం పేరు చెప్పనక్కర్లేదు.

అపోహ: వస్తువులు తక్కువ కాబట్టి ధర కూడా తక్కువ ఉండాలి.

1972 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో చూపించిన పోర్షే కరేరా ఆర్ఎస్ 2.7 రెండు రకాలుగా అమ్ముడైంది. లైట్‌వెయిట్ రకానికి వెనక సీటు లేదు, గడియారం లేదు, డోరు తీయడానికి పట్టీ. టూరింగ్ రకంలో ఇవన్నీ ఉన్నాయి, సుమారు 100 కిలోలు ఎక్కువ. లైట్‌వెయిట్ కొన్నవాళ్లు 200 మంది, టూరింగ్ కొన్నవాళ్లు 1,308 మంది. అప్పటి కొనుగోలుదారుల్లో ఎక్కువమంది సౌకర్యాన్నే ఎంచుకున్నారు. ఇవాళ ఆ 200 కార్లకు టూరింగ్ కంటే ఎక్కువ ధర. బరువు తక్కువ చేయడానికి పలచని అద్దం, పలచని రేకు, వేరే భాగాలు కావాలి. వాటికి ఖర్చవుతుంది.

అపోహ: కొత్త కారు కొని అనవసరమైనవి పీకేస్తే పాత కారంత సాదాగా అయిపోతుంది.

ఈ ఒక్క విషయంలో దయచేసి తొందరపడకండి. పాత కారులో రేడియో అంటే నాలుగు స్క్రూలు. కొత్త కారులో ఆ స్క్రీన్‌లోనే ఏసీ కంట్రోళ్లు, 2018 మే నుంచి అమెరికాలో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరైన వెనక కెమెరా కలిసి ఉంటాయి. ఒకటి పీకితే మరో మూడు మాడ్యూళ్లు (కారులోని చిన్న కంప్యూటర్లు) తప్పు చూపిస్తాయి. సీటు మారిస్తే పక్క ఎయిర్‌బ్యాగ్ పోతుంది. చాలా కార్లలో అది సీటు లోపలే ఉంటుంది. రోడ్డు మీద నడిపే కారుకు తేలికైన సీటు వేసి ఎయిర్‌బ్యాగ్ లైటు మీద టేపు అంటించమని అడిగినవాళ్లున్నారు. నేను చేయను.

వాడిన కారు కొంటుంటే లెక్క ఇంకోలా ఉంటుంది. ఏ వస్తువు ఉందని కాకుండా, అది పాడైతే కారు ఆగిపోతుందా, బాగుచేయడానికి ఎంతవుతుంది అని అడగండి. సీటు వేడిచేసే తీగ తెగితే కారు నడుస్తూనే ఉంటుంది. క్రూజ్ కంట్రోల్ పోయినా అంతే. ఎలక్ట్రానిక్ డాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) కారితే మాత్రం నాలుగింటి ధర విని చాలామంది కళ్లు తేలేస్తారు. మడిచే టాపు సగంలో ఆగితే వర్షంలో మీ టెన్షన్ నేను చెప్పనక్కర్లేదు. టెస్ట్ డ్రైవ్‌లో టాపు ఒకసారి కాకుండా ఐదుసార్లు తెరిచి మూయండి, ఇంజను వేడెక్కాక కూడా. ఏసీని చలికాలంలో కూడా అప్పుడప్పుడు పది నిమిషాలు వేయండి, లేకపోతే సీళ్లు ఎండిపోయి గ్యాసు కారుతుంది.

మా ఊరి దగ్గర రోడ్లన్నీ గీత గీసినట్టు ఉంటాయి. మంచి మలుపులు కావాలంటే టెక్సాస్‌లోనే లీకీ అనే ఊరి చుట్టూ ఉన్న 335, 336, 337 రోడ్లకు వెళ్లాలి. ఇక్కడివాళ్లు వాటిని ట్విస్టెడ్ సిస్టర్స్ అంటారు. ఐదారు గంటల హైవే. చెమటతో, హోరుతో, నడుము నొప్పితో అక్కడికి చేరిన మనిషి మొదటి మలుపు దగ్గరే బ్రేకు ఆలస్యంగా తొక్కుతాడు. అలసట బరువు తూకంలో కనిపించదు, మలుపులో కనిపిస్తుంది. ఏసీ తిరిగి పెట్టించుకున్న కుర్రాడు పోయిన ఆగస్టులో ఆ మూడు రోడ్లూ తిరిగొచ్చాడు. కారు ముందు బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయని తెచ్చాడు. ప్యాడ్లు మారుస్తుంటే, ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు టాపు మూసి ఏసీ వేశానని, లీకీ దాటాక ఏసీ ఆపి టాపు తెరిచానని చెప్పాడు.