ఫ్యాబిండియా కుర్తా ఎందుకు మారింది? అరవై ఏళ్ల వెనక కథ

చేనేత, అద్దకం బట్టలు అమ్మే షాపుల గొలుసు ఫ్యాబిండియా ముందులా లేదు అనే మాట ఆడవాళ్ళు నలుగురు చేరి బట్టల గురించి మాట్లాడుకుంటే చాలు, ఎవరో ఒకరి నోట వచ్చేస్తుంది. ముందు అంటే ఏంటి? వదులుగా, తిన్నగా మోకాళ్ళ దాకా జారే కాటన్ కుర్తా, మెడ దగ్గర చిన్న చీలిక, పక్కన ఫోనూ తాళాలూ పట్టే జేబు, ఒంటికి అతుక్కోని కటింగు. ఇప్పుడు షాపులోకి వెళ్తే నడుం దగ్గర కుదించిన ఫిట్టింగులు, మోకాలి పైకి ఆగే డ్రెస్సులు, పలాజో సెట్లు, జరీ మెరిసే పండగ బట్టలు. జనం టేస్టు మారింది కాబట్టి బ్రాండూ మారింది అంటారు, అది నిజమే కానీ సగమే నిజం అని నా ఉద్దేశం. బట్ట ఎక్కడ తయారవుతోంది, ఎన్ని షాపులకి పంపాలి, వెనకున్న డబ్బు ఎవరిది, ఇవి మారినప్పుడల్లా కుర్తా ఆకారం కూడా మారుతూ వచ్చింది.

అసలు ఈ కంపెనీ మన ఆడవాళ్ళకి బట్టలు కుట్టడం కోసం పుట్టనే లేదు. న్యూయార్క్ మేసీస్ స్టోర్లో కొనుగోళ్ళు చూసిన జాన్ బిసెల్ అనే అమెరికన్ 1958లో ఫోర్డ్ ఫౌండేషన్ తరఫున ఢిల్లీ వచ్చాడు, చేతిపనుల సరుకు అమ్మే ప్రభుత్వ షాపు సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియంకి సలహాలివ్వడం పని. ఇక్కడి నేత బట్టని చూసి వదిలి వెళ్ళలేకపోయాడు. తనకి వారసత్వంగా వచ్చిన 20,000 డాలర్లు పెట్టుబడిగా 1960లో ఫ్యాబిండియా మొదలుపెట్టాడు. అప్పుడు అమ్మిందంతా దుర్రీలు (నేల మీద పరిచే నేత తివాచీలు), కర్టెన్ గుడ్డ, సోఫాల మీద వేసే మందపాటి నేత బట్ట, అదీ విదేశాలకి. ఇంగ్లండులో హ్యాబిటాట్ అనే పెద్ద ఫర్నిచర్ షాపుల గొలుసు వీళ్ళకి ముఖ్యమైన కొనుగోలుదారు అయింది. అంటే మొదటి పదిహేనేళ్ళు ఇది ఇంటికి కావాల్సిన బట్ట ఎగుమతి చేసే కంపెనీ, అంతే.

తర్వాత విదేశీ పెట్టుబడి మీద ఆంక్షలు బిగించిన 1973 నాటి ఫెరా చట్టం వచ్చింది, విదేశీ వాటా 40 శాతానికి తగ్గించుకోవాల్సి వచ్చింది, కంపెనీని భారతీయ కంపెనీగా మార్చుకున్నారు. 1976లో ఢిల్లీ గ్రేటర్ కైలాష్ ఎన్ బ్లాక్ మార్కెట్లో మొదటి షాపు తెరిచారు. బట్ట ఎలాగూ ఉంది, దాన్నే కుర్తాలుగా కుట్టి అమ్మడం అలా మొదలైంది. కొన్నది ఎక్కువగా లెక్చరర్లు, జర్నలిస్టులు, యూనివర్సిటీ పిల్లలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళు, అంటే మిల్లు నైలాన్ వద్దు చేనేత కావాలి అనుకునే మనుషులు. ఆడవాళ్ళ కుర్తాకీ మగవాళ్ళ కుర్తాకీ పెద్ద తేడా ఉండని కాలం అది.

ఆ వదులు కుర్తాని చాలామంది ఫ్యాషన్ తెలియనితనం అనుకుంటారు, నాకు మాత్రం అది మగ్గం తెలిసిన కటింగు అనిపిస్తుంది. చేతి మగ్గం మీద బట్ట పన్నా, అంటే వెడల్పు, ఇంత అని ముందే తేలిపోతుంది, నేసేవాడు పెట్టిన గంటలన్నీ ఆ గుడ్డలో ఉంటాయి, అందుకే మన దగ్గర పాత కుర్తా కటింగు అంతా నలుచదరపు ముక్కలే. ముందో ముక్క, వెనకో ముక్క, పక్కలకి పట్టీలు, చంక కింద చేయి ఆడటానికి చిన్న చదరపు ముక్క. కత్తెర కింద పోయే గుడ్డ చాలా తక్కువ. పైగా చేనేత కాటన్ మొదటి ఉతుకులో కాస్త కుంచించుకుపోతుంది, వదులు కుర్తా అయితే ఆ తేడాని మింగేస్తుంది, ఒంటికి కొలిచి కుట్టిన డ్రెస్సు అయితే చంక దగ్గర పట్టేస్తుంది.

మన వైపు పనే తీసుకోండి. మంగళగిరిలో గుంట మగ్గం (నేసేవాళ్ళు కాళ్ళు గుంటలో పెట్టుకుని కూర్చునే మగ్గం) మీద నేసే బట్ట ఒళ్ళంతా సాదాగా, గట్టిగా ఉంటుంది, అందమంతా అంచులోనే, చిన్న చిన్న గోపురాలు వరసగా నిలబడ్డట్టుండే నిజాం అంచు. ఆ అంచు కనపడాలంటే గుడ్డని తిన్నగా వాడాలి, కింద అంచుకో చేతి చివరకో తెచ్చి పెట్టాలి, వంపులు తిప్పి కోస్తే అంచు ముక్కలైపోతుంది. పెడనలో కలంకారీ అద్దకం చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. గుడ్డని ముందు కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టి ఆరబెడతారు, రంగు పక్కకి పాకకుండా ఉండటానికి. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుముని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు, ఎరుపు రావాల్సిన చోట టేకు అచ్చుతో పటిక నీళ్ళు అద్ది తర్వాత రంగులో ఉడకబెడతారు, మధ్య మధ్యలో పారే నీళ్ళలో ఉతుకుతారు. ఎండ, నీళ్ళు, పులిసిన రోజులు, వీటిని బట్టి ఈ వాయి నలుపు పోయిన వాయి నలుపులా ఉండదు. ఒక్క షాపు ఉన్నప్పుడు ఆ తేడానే అందం, కొనేవాళ్ళు దానికోసమే వచ్చేవాళ్ళు. వందల షాపుల్లో ఎస్ నుంచి డబుల్ ఎక్సెల్ దాకా ఒకే ఎరుపు కావాలంటే అదే తేడా కంపెనీకి తలనొప్పి.

జాన్ బిసెల్‌కి 1993లో స్ట్రోక్ వచ్చింది, 1998లో చనిపోయారు, తర్వాత కొడుకు విలియం బిసెల్ పగ్గాలు తీసుకున్నారు. ఆయన అంతకుముందే రాజస్థాన్‌లో చేతిపనివాళ్ళతో పనిచేసిన మనిషి. ఎగుమతుల మీద నడిచిన కంపెనీని ఆయన హయాంలో దేశంలో షాపుల వైపు తిప్పారు, ఢిల్లీ దాటి ఊరూరా షాపులొచ్చాయి, మన హైదరాబాద్ బంజారాహిల్స్ దాకా. టైమ్ కూడా కలిసొచ్చింది. తొంభైల చివర, రెండువేల మొదట్లో మన ఇళ్ళల్లో ఉద్యోగాలకెళ్ళే అమ్మాయిలు పెరిగారు, అంతకుముందు పంజాబీ డ్రెస్ అంటే మెటీరియల్ కొని, చున్నీకి మ్యాచింగ్ వెతికి, టైలర్ చుట్టూ తిరిగి కుట్టించుకోవడమే. అలాంటిది రెడీగా కుట్టిన చేనేత కుర్తా, చున్నీ లేకపోయినా నప్పేది, ఆఫీసుకి వేసుకుని వెళ్ళినా ఎవరూ వంక పెట్టనిది దొరికేసరికి దానికి అలవాటు పడిపోయారు. ఎన్నో ఇళ్ళల్లో తల్లీకూతుళ్ళు ఒకే కుర్తాని మార్చి మార్చి వేసుకున్నారు, వదులు కటింగుకి ఆ సుఖం ఉంది.

అక్కడి నుంచే ఒత్తిడీ మొదలైంది. 1988లో మొదలైన బీబా లాంటి బ్రాండ్లు మాల్స్ నిండా వచ్చేశాయి, జీన్స్ మీదకి పొట్టి కుర్తీ వచ్చింది, లెగ్గింగ్స్ వచ్చాక కుర్తా ఒంటికి దగ్గరగా జరిగింది, ఆన్‌లైన్ షాపింగ్ వచ్చాక ఫొటోలో ఏది ఫిట్‌గా కనపడితే దానికే గిరాకీ. ఫ్యాబిండియా కూడా ఫ్యాబెల్స్ పేరుతో వెస్టర్న్ వేర్ తెచ్చింది. ఇంకోవైపు పెట్టుబడిదారులొచ్చారు. 2007లో వుల్ఫెన్‌సన్ క్యాపిటల్, 2012లో లూయీ విటాన్ గ్రూపు అండ ఉన్న ఎల్ క్యాపిటల్ ఏషియా వాటాలు కొన్నాయి, ఆ తర్వాత ప్రేమ్‌జీ ఇన్వెస్ట్ కూడా వాటాలు కొంది. బయటి డబ్బు వచ్చిన కంపెనీ ఏటా పెరిగి చూపించాలి, పెరగాలంటే పాతికేళ్ళ పిల్లా కొనాలి, పెళ్ళికీ కొనాలి, పండక్కీ కొనాలి. ఏడాదికి రెండు వదులు కుర్తాలు కొనుక్కుని పదేళ్ళు వాడే కస్టమర్ మీద అంత పెద్ద గొలుసు నడవదు.

ఇదంతా దురాశ అని కొట్టిపారేయడం నాకిష్టం లేదు, ఎందుకంటే అదే 2007 ప్రాంతంలో చేతిపనివాళ్ళు కూడా వాటాదారులుగా 17 ప్రాంతీయ సరఫరా కంపెనీలు పెట్టించింది కూడా వీళ్ళే, అంతటి పని మన దగ్గర ఏ బట్టల బ్రాండు తలపెట్టింది చెప్పండి. కానీ షాపులు పెరిగే కొద్దీ బట్ట గురించి ప్రశ్నలు పెరిగాయి. 2018 ఫిబ్రవరిలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ తమ అనుమతి లేకుండా ఖాదీ పేరుతో అమ్ముతున్నారంటూ 525 కోట్ల నష్టపరిహారం అడుగుతూ లీగల్ నోటీసు పంపింది, కంపెనీ ఆ ఆరోపణల్ని ఒప్పుకోలేదు. ఖాదీ అంటే నూలు వడకడం కూడా చేత్తోనే, చేనేత అంటే నేత చేత్తో, అచ్చు అద్దకం అంటే అద్దకం మాత్రమే చేత్తో, కింద గుడ్డ మిల్లుదీ కావచ్చు. పెడనలో అద్దేది కూడా చాలావరకు మిల్లు గుడ్డ మీదే. షాపులో అన్నీ పక్కపక్కన వేలాడుతుంటే కొనేవాళ్ళకి అంతా ఒకటే అనిపిస్తుంది.

పండగ బట్టల వైపు ఎంతగా జరిగారో అందరికీ తెలిసింది 2021 అక్టోబర్లో. దీపావళి ముందు జష్న్-ఎ-రివాజ్ పేరుతో కలెక్షన్ ప్రకటిస్తే ఉర్దూ పేరు మీద పెద్ద గొడవ చేశారు, యాడ్ వెనక్కి తీసుకున్నారు. ఆ గొడవలో బట్టల సంగతి ఎవరూ మాట్లాడలేదు గానీ పట్టు, జరీ, పెళ్ళి కళ ఉన్న బట్టలే ఆ సీజన్లో ముందు వరసలో నిలబడ్డాయి, ఒకప్పుడు ఈ బ్రాండు పేరు చెబితే గుర్తొచ్చేది కాటన్ కదా. 2022 జనవరిలో షేర్ మార్కెట్‌కి వెళ్ళడానికి పత్రాలు వేశారు, అప్పటికి దేశంలో మూడొందలకి పైగా షాపులు, 50,000 మందికి పైగా చేతిపనివాళ్ళతో లావాదేవీలు అని వాటిలో ఉంది. ప్రమోటర్లు తమ షేర్లలో ఏడు లక్షలకి పైగా చేతిపనివాళ్ళకీ రైతులకీ బహుమతిగా ఇస్తామన్నారు. మార్కెట్ బాలేదని 2023 ఫిబ్రవరిలో ఆ ప్రయత్నం మానుకున్నారు. 2024లో తమ చేతిలో ఉన్న ఆర్గానిక్ టీల కంపెనీ ఆర్గానిక్ ఇండియాని టాటా కన్స్యూమర్‌కి అమ్మేశారు, విలువ 1,900 కోట్లు.

నేసే చేతుల లెక్క కూడా దీని పక్కనే పెట్టి చూడాలి. 2009-10 చేనేత గణనలో దేశం మొత్తం మీద నేతపనీ దాని అనుబంధ పనులూ చేసేవాళ్ళు 43.31 లక్షలు, 2019-20 గణనకి 35.22 లక్షలు. కుర్తాలకి గిరాకీ పెరిగిన పదేళ్ళలోనే మగ్గం దగ్గర మనుషులు తగ్గారు. ఆ తగ్గుదలకి నూలు ధరలు, మరమగ్గాలు, కూలి చాలక పిల్లలు వేరే పనులకి వెళ్ళిపోవడం, ఇలా చాలా కారణాలున్నాయి, ఒక్క కంపెనీ మీద తోసేయలేం. కానీ వదులు కుర్తా కావాలి, ఎప్పుడూ దొరకాలి, అన్ని సైజుల్లో ఒకే రంగులో దొరకాలి అని అడిగే మనం ఈ లెక్క తెలుసుకుని అడగాలి.

పాత కుర్తా మీద ప్రేమ ఉన్నవాళ్ళు బ్రాండు పేరు ఒక్కటే చూసుకోకుండా బట్టని తిరగేసి చూడండి. అచ్చు చేత్తో అద్దితే అంచుల దగ్గర ఒక అచ్చుకీ ఇంకో అచ్చుకీ అతుకు కాస్త తేడాగా తెలుస్తుంది. పోచంపల్లి ఇక్కత్ అయితే నూలుకే ముందు రంగు వేస్తారు కాబట్టి రెండు వైపులా డిజైన్ దాదాపు ఒకేలా ఉంటుంది, పైన ప్రింటు వేసింది అయితే వెనక వెలిసినట్టుంటుంది. 2006 నుంచి చేనేతకి హ్యాండ్లూమ్ మార్క్ అని గవర్నమెంట్ లేబుల్ ఉంది, అది కుట్టి ఉందేమో వెతకండి. మంగళగిరి గుడ్డ మీటర్ల లెక్కన కొనుక్కుని, మీకు నచ్చిన వదులు కటింగు, మీకు కావాల్సినంత లోతు జేబు చెప్పి దగ్గర్లో టైలర్ దగ్గర కుట్టించుకునే దారి ఎప్పుడూ ఉంది, అంచు మాత్రం తిన్నగా రావాలని గట్టిగా చెప్పండి, కొలతకి ముందే గుడ్డని ఒకసారి నీళ్ళలో తడిపి ఆరబెట్టి ఇవ్వండి.