పట్టా వంగితే చూసేదెవరు?

గుంటూరు నుంచి ఒకావిడ అడిగారు: "మా చెల్లెలి కొడుక్కి రెండేళ్లు. కాసేపు ఎండ తగిలితే చాలు, ముఖం కమిలి బొబ్బలెక్కుతోంది. ఇప్పుడు ముక్కు మీదా చెంపల మీదా గోధుమరంగు మచ్చలు. డాక్టర్ ఎక్స్‌పీ అన్నారు. మా అత్తగారు నాగదోషం అంటున్నారు. ఏది నిజమండీ?"

డాక్టర్ మాటే నిజం. పూర్తి పేరు జీరోడెర్మా పిగ్మెంటోసమ్. పేరు సంగతి వదిలేసి, విజయవాడ స్టేషన్ దగ్గర రైలు పట్టాలు చూద్దాం రండి.

డీఎన్‌ఏ కూడా జంట పట్టాలే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పట్టా వంగినట్టు, అతినీలలోహిత కిరణాలు తగిలితే పక్కపక్కనున్న రెండు థైమిన్ అక్షరాలు (డీఎన్‌ఏ రాతలోని నాలుగు అక్షరాల్లో థైమిన్ ఒకటి) అతుక్కుపోయి డీఎన్‌ఏ అక్కడ వంకర తిరుగుతుంది. ఇది మీకూ నాకూ రోజూ జరిగేదే. మనకు పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మెన్ లాంటి ప్రొటీన్లు ఉన్నాయి కాబట్టి తెలియదు.

ఎక్స్‌పీసీ అనే ప్రొటీన్ కీమ్యాన్‌లా లైను వెంట తిరుగుతూ వంకరను పట్టేస్తుంది. ఎక్స్‌పీబీ, ఎక్స్‌పీడీ వచ్చి రెండు పట్టాలనూ ఎడం చేస్తాయి. ఎక్స్‌పీఏ సరిచూస్తుంది. ఎక్స్‌పీఎఫ్ ఒక పక్క, ఎక్స్‌పీజీ ఇంకో పక్క కోస్తే 30కి అటూఇటుగా అక్షరాలున్న ముక్క ఊడి వస్తుంది. ఎదురు పట్టానే కొలతగా పెట్టుకుని కొత్త ముక్క వేసి వెల్డింగ్ చేసేస్తారు. (జబ్బు పేరే వీళ్లందరికీ ఇంటిపేరు!) ఈ పని ఎలా సాగుతుందో విడమరిచినందుకే అజీజ్ సాంజార్‌కు 2015 రసాయన నోబెల్‌లో వాటా దక్కింది. ఎక్స్‌పీ ఉన్నవాళ్లలో ఈ ముఠాలో ఒకరు డ్యూటీకి రారు. మరమ్మతు జరగట్లేదని 1968లో జేమ్స్ క్లీవర్ చూపించాడు.

ఇంకో రకం ఉంది, నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది అదే. గ్యాంగ్ అంతా హాజరే. కానీ రిపేరు కాకముందే బండి, అంటే డీఎన్‌ఏకు నకలు తీసే యంత్రాంగం, వచ్చేసిందనుకోండి. కాషన్ ఆర్డర్ (నెమ్మదిగా వెళ్లమనే ఉత్తర్వు) అందుకుని వంకర మీదుగా జాగ్రత్తగా దాటించే డ్రైవర్ కావాలి. అతని పేరు పాలిమరేజ్ ఈటా. అతను లేనప్పుడు ఇంకొకరు నడిపితే అక్షరాలు తప్పుపడతాయి. ఏ రకమైనా తప్పులు పోగవుతూ పోతాయి. 20 ఏళ్లలోపే చర్మ క్యాన్సర్ ముప్పు మామూలు వాళ్లకంటే 10,000 రెట్లకు చేరేది అందుకే.

ఇక దోషం మాట. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి పాడైన జన్యువులు రెండూ చేరితేనే జబ్బు. మేనరికాల్లో ఒకే తాతగారి జన్యువు ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ. పుట్టలో పాలు పోయడానికి పిల్లాణ్ణి ఎత్తుకెళితే దారి పొడవునా ఎండ తగలడం తప్ప ఒరిగేదేమీ లేదు.

అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో యూవీబీ అనే రకాన్ని కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది, యూవీఏ అనే రకాన్ని వదిలేస్తుంది. కాబట్టి యూవీ ఫిల్మ్ అంటించండి. మబ్బు పట్టినా టోపీ, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా మానొద్దు. డి విటమిన్ గురించి డాక్టర్ని అడగండి.

ఆటలంటారా? మే నెలలో గుంటూరు పిల్లలెవరైనా పొద్దు వాలాకే కదా వీధిలోకి వచ్చేది. వీడు ఇంకో గంట ఆగి, బాగా చీకటి పడ్డాక దిగుతాడు.