తప్పు తెలిసినా మందు రాని డెబ్భై ఏళ్లు: సికిల్ సెల్ జన్యు చికిత్స నేపథ్యం

2023 నవంబరు 16న బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ క్యాస్‌జెవీ అనే చికిత్సకు ఆమోదం తెలిపింది. క్రిస్పర్ పద్ధతిలో జన్యువులను సవరించే వైద్యానికి ప్రపంచంలో ఎక్కడైనా అనుమతి రావడం అదే మొదటిసారి. మూడు వారాలకు, డిసెంబరు 8న, అమెరికా కూడా అనుమతించింది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్‌తో పుట్టినవాళ్లకు మంచిరోజులు వచ్చాయని పత్రికలు రాశాయి. ఆ వార్తల మధ్య చాలామంది దృష్టికి రాని సంగతి ఒకటుంది. వ్యాధికి మూలమైన జన్యువును ఈ చికిత్స అసలు ముట్టుకోదు. అందులో తప్పు ఎక్కడుందో, డీఎన్ఏలో ఏ అక్షరం మారిందో దశాబ్దాలుగా తెలుసు. అయినా దాన్ని ఉన్నచోట ఉన్నట్టే వదిలేసి, వేరే క్రోమోజోము మీద ఉన్న వేరే జన్యువును కత్తిరిస్తారు. ఇదెందుకో అర్థం కావాలంటే వందేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

గ్రెనడా దీవి నుంచి షికాగోకు దంతవైద్యం చదవడానికి వచ్చిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే 20 ఏళ్ల యువకుడు 1904 చివర్లో జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. అతని రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూసిన యువ వైద్యుడు ఎర్నెస్ట్ ఐరన్స్‌కు గుండ్రటి కణాల మధ్య సన్నగా, కొడవలిలా వంగిన కణాలు కనిపించాయి. ఆయన పై వైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో ఆ వివరాలను ప్రచురించాడు. వైద్య సాహిత్యంలో ఈ వ్యాధికి అదే తొలి వర్ణన. నోయెల్ చదువు పూర్తిచేసుకుని స్వదేశానికి వెళ్లి దంతవైద్యుడిగా పనిచేశాడు. 1916లో, 32 ఏళ్లకే, ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. ఆఫ్రికాలో తరతరాలుగా పిల్లల ప్రాణాలు తీస్తున్న జబ్బు వైద్యగ్రంథాలకు ఎక్కడానికి, అది ఒక అమెరికన్ ఆసుపత్రి దాకా రావాల్సి వచ్చింది. ఈ కథలో ఇలాంటి అన్యాయాలు ఇంకా ఉన్నాయి.

కణాలు వంకర తిరగడానికి ఆక్సిజన్ తగ్గడమే కారణమని 1927లో తేలింది. ఆ పరిశీలన విలువ పట్టుకున్నది వైద్యుడు కాదు, రసాయన శాస్త్రవేత్త. 1945లో ఒక వైద్య పరిశోధన కమిటీ పనిమీద కలిసినప్పుడు హార్వర్డ్ వైద్యుడు విలియం కాజిల్ ఈ జబ్బు సంగతి లైనస్ పౌలింగ్‌కు చెప్పాడు. ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్ కాబట్టి తేడా కణంలో కాక హిమోగ్లోబిన్ అణువులోనే ఉండాలని పౌలింగ్‌కు వెంటనే స్ఫురించింది. నిరూపించే పని హార్వే ఇటానో అనే యువ వైద్యుడికి అప్పగించాడు. ఇటానో జపాన్ మూలాలున్న అమెరికన్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం ఆయన కుటుంబాన్ని నిర్బంధ శిబిరంలో పెట్టింది. 1942లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం తన అత్యుత్తమ పట్టభద్రుడి పతకాన్ని ఆయనకు ప్రకటించే సమయానికి ఆయన శిబిరంలోనే ఉన్నాడు. ఈ మనిషే మరో ముగ్గురితో కలిసి, విద్యుత్ క్షేత్రంలో రోగుల హిమోగ్లోబిన్ మామూలు హిమోగ్లోబిన్ కంటే భిన్నంగా కదులుతుందని చూపించాడు. 1949లో వచ్చిన ఆ పత్రం సికిల్ సెల్‌ను ‘అణుస్థాయి వ్యాధి’ అని పిలిచింది. ఒక జబ్బుకు మూలం ఒకే ఒక్క అణువులో ఉందని తేలడం వైద్యచరిత్రలో అదే మొదలు.

1957లో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఏమిటో కనిపెట్టాడు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో, ప్రొటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు 146 ఉంటాయి. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంది. మిగతాదంతా మామూలే. జన్యువులో చూస్తే మారింది ఒక్క అక్షరం.

ఆ ఒక్క మార్పు శరీరంలో ఏం చేస్తుందో దగ్గరగా చూడాలి. గ్లుటామిక్ ఆమ్లానికి నీరంటే ఇష్టం, వాలీన్‌కు పడదు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నింపుకొన్నప్పుడు ఇబ్బంది లేదు. కండరాల్లోనో ఎముకల్లోనో ఆక్సిజన్ దింపేశాక హిమోగ్లోబిన్ ఆకారం మారి, ఒక అణువు మీది వాలీన్ పక్క అణువులోని చిన్న గుంటలో అతుక్కుంటుంది. దానికి ఇంకొకటి, దానికి మరొకటి. చివరికి 14 పేటలున్న గట్టి పోగులు తయారై కణాన్ని లోపలి నుంచి సాగదీస్తాయి. బిరుసెక్కిన ఆ కణాలు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని దారి మూసేస్తాయి. అదే భరించలేని నొప్పిగా బయటపడుతుంది. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతికితే ఇవి 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతాయి. రక్తహీనత అక్కడి నుంచే వస్తుంది.

ఇందులో ఆశ కలిగించే విషయం కూడా ఒకటుంది. పోగులు వెంటనే పుట్టవు, కొంత వ్యవధి తీసుకుంటాయి. ఈలోగా కణం సన్నటి నాళాలు దాటి తిరిగి ఊపిరితిత్తులకు చేరుకుంటే ప్రమాదం తప్పుతుంది. 1970లలో జేమ్స్ హాఫ్రిక్టర్, విలియం ఈటన్ చేసిన ప్రయోగాలు ఈ వ్యవధి హిమోగ్లోబిన్ గాఢతను బట్టి విపరీతంగా మారుతుందని చూపాయి. గాఢత కాస్త తగ్గినా వ్యవధి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు నొప్పులు ఎందుకు విరుచుకుపడతాయో దీన్నిబట్టే అర్థమవుతుంది. తప్పుడు హిమోగ్లోబిన్‌ను పూర్తిగా తీసేయనక్కర్లేదు, దాన్ని తగినంత పలుచన చేయగలిగితే చాలు అన్న ఆలోచనకూ బలం చేకూరింది.

దేనితో పలుచన చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు అప్పటికే పాతికేళ్లుగా అచ్చులో ఉంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పనిచేసిన పిల్లల వైద్యురాలు జానెట్ వాట్సన్ 1948లోనే, అంటే పౌలింగ్ పత్రానికి ఏడాది ముందే, ఒక విషయం గమనించింది. సికిల్ సెల్‌తో పుట్టిన శిశువులకు మొదటి కొన్ని నెలలు ఏ బాధా ఉండదు. వాళ్ల రక్తంలో వంకర తిరిగే కణాలూ తక్కువే. గర్భంలో ఉన్నప్పుడు శిశువు వేరే రకం హిమోగ్లోబిన్ వాడుకుంటుంది, పుట్టిన తర్వాత కూడా కొన్ని నెలలపాటు అది మిగిలి ఉండి బిడ్డను కాపాడుతోంది అని ఆమె ఊహించింది. అక్షరాలా నిజం. నా దృష్టిలో మొత్తం చరిత్రలో అన్నిటికంటే ఫలవంతమైన పరిశీలన ఇదే. ఖరీదైన పరికరమేదీ లేకుండా, పసిపిల్లల రక్తాన్ని ఓపికగా చూసి చెప్పిన మాట. పౌలింగ్ పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది, వాట్సన్ పేరు తెలిసినవాళ్లు తక్కువ.

ఆమె మాటను ప్రకృతే వేరేచోట్ల బలపరిచింది. కొన్ని కుటుంబాల్లో పెద్దయ్యాక కూడా గర్భస్థ హిమోగ్లోబిన్ తయారీ ఆగదు. అలాంటివాళ్లకు సికిల్ జన్యువు సంక్రమించినా జబ్బు దాదాపు కనబడదు. సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలోని రోగుల్లో ఈ హిమోగ్లోబిన్ ఎక్కువ, వ్యాధి తీవ్రత తక్కువ. ఇంకోవైపు, ఇంత ప్రాణాంతకమైన జన్యువు జనాభాలో ఎందుకు నిలిచిందన్న చిక్కుముడిని 1954లో ఆంథొనీ ఆలిసన్ విప్పాడు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ జన్యువు వచ్చినవాళ్లకు మలేరియా నుంచి రక్షణ లభిస్తుందని తూర్పు ఆఫ్రికాలో చూపించాడు.

ఇంత తెలిశాక కూడా రోగికి అందినది ఏమీ లేదు. దీనికి శాస్త్రపరమైన కష్టం ఒక కారణమైతే, రోగులు ఎవరన్నది రెండో కారణం. అమెరికాలో ఇది ప్రధానంగా నల్లజాతివారి జబ్బు. 1972లో అక్కడ ప్రత్యేక చట్టం వచ్చేదాకా ప్రభుత్వం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. అదే కాలంలో కొన్ని రాష్ట్రాలు నిర్బంధ పరీక్షలు పెడితే, ఒక్క సికిల్ జన్యువే ఉండి జబ్బే లేని వాహకులు ఉద్యోగాల్లో, బీమాలో వివక్షకు గురయ్యారు. ఎక్కువగా తెల్లజాతివారికి వచ్చే మరో జన్యు వ్యాధి సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో, 2008-2018 మధ్య లెక్కల్లో పోల్చినా తేడా తెలుస్తుంది. అమెరికాలో ఆ రోగుల సంఖ్య సికిల్ సెల్ రోగుల్లో మూడో వంతు మాత్రమే, కానీ తలసరి ప్రభుత్వ పరిశోధన నిధులు వాళ్లకు మూడు రెట్లకు పైగా అందాయి. ఎవరి నిధులూ తగ్గించమని కాదు, ఇంత తేడా మాత్రం సమర్థించలేనిది.

నిజంగా ప్రాణాలు నిలిపిన మొదటి అడుగు పాత మందుతోనే పడింది. సూక్ష్మజీవులను అడ్డుకునే ప్లీహాన్ని వంకర కణాలు చిన్నతనంలోనే పాడుచేస్తాయి కాబట్టి పసివాళ్లు బ్యాక్టీరియాకు సులువుగా బలవుతారు. 215 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో రోజూ పెన్సిలిన్ ఇస్తే ఆ తీవ్ర ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో ప్రయోగాన్ని గడువుకు ముందే ఆపేశారు. 1986లో అది ప్రచురితమైంది. పుట్టగానే రక్తపరీక్ష చేయడానికి గట్టి ఆధారం అప్పుడే దొరికింది.

తర్వాతిది హైడ్రాక్సీయూరియా. 1869లోనే తయారైన రసాయనం, క్యాన్సర్‌కు వాడేవారు. ఇది గర్భస్థ హిమోగ్లోబిన్‌ను పెంచుతుందని 1984లో తెలిసింది. 299 మంది పెద్దలపై జరిగిన పరీక్షలో నొప్పి దాడులు 44 శాతం తగ్గినట్టు 1995లో తేలింది, 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. వాట్సన్ పరిశీలనకు, దాని ఆధారంగా మందు చేతికి రావడానికి మధ్య సరిగ్గా 50 ఏళ్లు. మరోపక్క ఎముక మజ్జ మార్పిడితో వ్యాధి పూర్తిగా పోతుందని 1984లో రుజువైంది. ల్యుకేమియా కోసం మార్పిడి చేసిన ఒక బాలికకు సికిల్ సెల్ కూడా నయమైంది. కానీ సరిపోయే దాత తోబుట్టువుల్లో దొరికేది కొద్దిమందికే.

పుట్టిన తర్వాత గర్భస్థ హిమోగ్లోబిన్‌ను ఆపేసేది ఏమిటో 2008 దాకా ఎవరికీ అంతుపట్టలేదు. ఆ హిమోగ్లోబిన్ ఎక్కువున్నవాళ్ల, తక్కువున్నవాళ్ల జన్యువులను పోల్చినప్పుడు రెండో క్రోమోజోము మీది బీసీఎల్11ఏ జన్యువు పదేపదే బయటపడింది. దానికి అప్పటివరకు హిమోగ్లోబిన్‌తో సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు. హార్వర్డ్‌లో విజయ్ శంకరన్, స్టువర్ట్ ఆర్కిన్ తదితరులు దాన్ని అణిచిపెట్టి చూస్తే గర్భస్థ హిమోగ్లోబిన్ మళ్లీ మొదలైంది. 2011లో ఎలుకల్లో ఆ జన్యువును పనిచేయకుండా చేస్తే సికిల్ సెల్ లక్షణాలే సర్దుకున్నాయి. అయితే ఆ జన్యువు రోగనిరోధక కణాలకూ మెదడుకూ అవసరం. మొత్తంగా తీసేస్తే కొత్త ముప్పు. 2013లో డేనియల్ బావర్, ఆర్కిన్ బృందం దానికీ దారి కనిపెట్టింది. ఆ జన్యువులో ఒక చిన్న భాగం దాన్ని ఎర్ర కణాల వంశంలో మాత్రమే పనిచేయిస్తుంది. అది ఒక్కటీ పాడైతే మిగతా శరీరానికి నష్టం లేదు.

డీఎన్ఏను కోరుకున్నచోట కత్తిరించే క్రిస్పర్ కత్తెర 2012లో చేతికొచ్చింది. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. క్రిస్పర్‌తో కత్తిరించి పాడుచేయడం తేలిక. రక్తాన్ని తయారుచేసే మూలకణాల్లో ఒక్క అక్షరాన్ని తీసి సరైనది కూర్చడం చాలా కష్టం. అందుకే తప్పున్న జన్యువు జోలికి పోకుండా, గర్భస్థ హిమోగ్లోబిన్‌కు అడ్డుగా ఉన్నదాన్ని కత్తిరించారు. 2019 జులైలో అమెరికాలో విక్టోరియా గ్రే ఈ చికిత్స పొందిన మొదటి సికిల్ సెల్ రోగి అయింది. అమెరికా అనుమతికి ఆధారమైన లెక్కల్లో, తగినంత కాలం గమనించగలిగిన 31 మందిలో 29 మందికి కనీసం 12 నెలలు వరుసగా తీవ్రమైన నొప్పి దాడి రాలేదు.

ఈ అంకె వెనుక రోగి పడే కష్టాన్ని మరిచిపోకూడదు. రక్తం నుంచి మూలకణాలను సేకరించాలి, చాలామందికి ఒక్కసారితో సరిపోదు. వాటిని ప్రయోగశాలలో సవరించి పరీక్షించడానికి నెలలు పడుతుంది. తర్వాత బుసల్ఫాన్ అనే తీవ్రమైన కీమోథెరపీతో పాత మజ్జను తుడిచేసి కొత్త కణాలు ఎక్కిస్తారు. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి, పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినవచ్చు. అమెరికాలో దీని ప్రకటిత ధర 22 లక్షల డాలర్లు. అక్కడ క్యాస్‌జెవీతో పాటు అదే రోజు అనుమతి పొందిన మరో జన్యు చికిత్స లిఫ్‌జీనియా ధర 31 లక్షల డాలర్లు.

రోగులు ఎక్కడున్నారో చూస్తే ఈ ధర ఎంత దూరమో తెలుస్తుంది. 2021లో ప్రపంచవ్యాప్తంగా ఈ వ్యాధితో పుట్టిన పిల్లలు 5 లక్షలకు పైగా అని అంచనా. అందులో నాలుగింట మూడు వంతుల కంటే ఎక్కువ సహారా దిగువ ఆఫ్రికాలోనే. వాళ్లలో చాలామందికి జబ్బుందన్న సంగతే తెలియదు, ఎందుకంటే పుట్టినప్పుడు పరీక్ష లేదు. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండాల్లో 606 మంది పిల్లలకు హైడ్రాక్సీయూరియా ఇచ్చిన పరీక్షలో నొప్పులు, ఇన్‌ఫెక్షన్లు, మరణాలు తగ్గాయి, మలేరియా కూడా తగ్గింది. జన్యు చికిత్స కోసం ఎదురుచూస్తూ ఈ మాత్రను, పెన్సిలిన్‌ను, పురిటి రక్తపరీక్షను వెనక్కి నెట్టడం ఘోరమైన తప్పని నా అభిప్రాయం. కొత్త మందులన్నీ నిలుస్తాయన్న భరోసా కూడా లేదు. రక్తంలో హిమోగ్లోబిన్ శాతాన్ని పెంచిందన్న ఆధారంతో 2019లో అనుమతి పొందిన వాక్సెలోటార్ అనే మందును, వాడినవారిలో నొప్పి దాడులు, మరణాల లెక్కలు ఆందోళన కలిగించడంతో, 2024 సెప్టెంబరులో తయారీ సంస్థే ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించుకుంది.

పరిశోధన ఇప్పుడు రెండు వైపులా సాగుతోంది. మొదటిది అసలు తప్పు దగ్గరికే వెళ్లడం. డీఎన్ఏను పూర్తిగా తెంపకుండా ఒక అక్షరాన్ని మార్చే పద్ధతులు వచ్చాయి. వాలీన్‌ను మళ్లీ గ్లుటామిక్ ఆమ్లంగా మార్చడం ప్రధానంగా వాడుకలో ఉన్న అక్షర సవరణ ఎంజైములకు సాధ్యం కాదు, కానీ అలనీన్‌గా మార్చగలవు. అలాంటి హిమోగ్లోబిన్ కొందరిలో సహజంగానే ఉంది, మకస్సార్ రకం అంటారు, అది పోగులు కట్టదు. ఎలుకల్లో ఇది పనిచేసినట్టు 2021లో తేలింది. రెండోది కీమోథెరపీ, ప్రయోగశాల లేకుండా సవరణ సాధనాన్ని నేరుగా ఇంజెక్షన్‌తో శరీరంలోకి పంపడం. పేద దేశాలకు చేరగల జన్యు చికిత్సలే లక్ష్యంగా, సికిల్ సెల్‌కూ హెచ్ఐవీకీ కలిపి, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, గేట్స్ ఫౌండేషన్ చెరో 10 కోట్ల డాలర్లు పెడతామని 2019లో ప్రకటించాయి. అడ్డంకి కూడా స్పష్టంగానే ఉంది. సాధనాన్ని మోసుకెళ్లే కొవ్వు నానో కణాల్లో ఎక్కువ భాగం కాలేయంలోనే ఆగిపోతాయి. వాటిని ఎముక మజ్జలోని మూలకణాల దాకా తగినన్ని చేర్చడం మీదే ఇప్పుడు అనేక ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి.