పళ్లెంలోని ప్రొటీన్ వేరు, మెదడులోని ప్రొటీన్ వేరు

"ప్రొటీన్ పూర్తిగా మానిపించేశాం డాక్టర్ గారూ." పార్కిన్సన్స్ పేషెంట్లను తీసుకొచ్చే కొడుకులు, కూతుళ్లు ఈ మాట ఎంతో శ్రద్ధగా, కాస్త గర్వంగా కూడా చెబుతారు. పక్క కుర్చీలో ఆ తండ్రో తల్లో బుగ్గలు పీక్కుపోయి, బట్టలు వదులై కూర్చుని ఉంటారు. కోప్పడదామంటే మనసొప్పదు. భయంతో చేసిన పని అది.

పైగా ఈ అపోహలో నాకూ వాటా ఉంది. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో చీటీ వెనక ఒక నాడీకణం బొమ్మ గీసి, మధ్యలో నల్లటి చుక్క పెట్టి, "ఇదిగో, మెదడు కణాల్లో ఒక ప్రొటీన్ పేరుకుపోతుంది, అదే ఈ జబ్బు" అని చెప్పేవాణ్ని. తేలిగ్గా విడమరిచి చెప్పానని మురిసిపోయేవాణ్ని కూడా. లెక్కల మాస్టారుగా రిటైరైన ఒక పెద్దాయన ఆ బొమ్మను జేబులో పెట్టుకెళ్లారు. నాలుగు నెలల తర్వాత వచ్చేసరికి ఎనిమిది కిలోలు తగ్గారు. పాలు, గుడ్లు, పప్పులు అన్నీ బంద్. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవలేకపోతున్నారు, రెండుసార్లు పడ్డారు. జబ్బు ముదిరిందని ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకున్నారు. చూస్తే వణుకూ బిగుసుకుపోవడమూ పెద్దగా పెరగలేదు. కరిగిపోయింది తొడల్లో కండ. "మీరే కదా సార్, ప్రొటీన్ పేరుకుంటుందన్నారు?" అన్నారాయన. నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఈ ఒక్కటీ నిదానంగా చెబుతాను. ఆ నల్లచుక్క పేరు లూయీ బాడీ. 1912లో ఫ్రిట్జ్ లూయీ అనే డాక్టరు మొదట వర్ణించాడు. అందులో ఉన్నది ముఖ్యంగా ఆల్ఫా సైన్యూక్లీన్ అన్న ప్రొటీన్ అని 1997లో తేలింది. ప్రొటీన్లను కట్టే ఇటుకలు అమైనో ఆమ్లాలు, ఇది అలాంటివి 140 ఉన్న చిన్న గొలుసు. ఇది బయటి నుంచి వచ్చిపడిన చెత్త కాదు, మీ మెదడులోనూ నా మెదడులోనూ ఇప్పుడు ఉంది. నాడీకణాల కొసల దగ్గర, రసాయన సందేశాల సంచుల చుట్టూ దానికో పని ఉంది. ప్రతి కణమూ తన జన్యువు చూసుకుని తనే తయారుచేసుకుంటుంది.

మనం తిన్న ప్రొటీన్ పేగుల్లోనే ముక్కముక్కలై అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. గుడ్డులోని ప్రొటీన్ గుడ్డు ప్రొటీన్‌గా మెదడుకు చేరదు. తిండి తగ్గిస్తే సైన్యూక్లీన్ తగ్గుతుందనడానికి ఆధారమే లేదు. ఇక్కడ గొడవంతా మడతది. మామూలుగా వదులుగా ఉండే ఈ గొలుసు మడత తప్పి, బల్లపరుపు పొరలుగా ఒకదానిమీద ఒకటి పేరుకుని పోగులవుతుంది. అలా తప్పిన అణువు పక్కనున్న మంచి అణువును కూడా తన ఆకారంలోకి లాగేస్తుంది. కణం చెత్తను నలిపే లైసోజోములు దాంతో వేగలేకపోతాయి. జీబీఏ జన్యువులో లోపం ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ కావడానికి ఒక కారణం ఇదే, ఆ జన్యువు లైసోజోములోని ఒక ఎంజైముది. అసలు నష్టం చేసేది పెద్ద ముద్దలా, వాటికంటే ముందు ఏర్పడే చిన్న గుంపులా అన్నది మా వాళ్లలోనే ఇంకా తెగని వాదన.

మరి "ప్రొటీన్‌తో జాగ్రత్త" అన్న మాట ఎక్కణ్నుంచి వచ్చింది? మాత్ర నుంచి. ఈ జబ్బుకు ముఖ్యంగా ఇచ్చే మందు లెవోడోపా కూడా ఒక అమైనో ఆమ్లమే. పేగు గోడ దగ్గరా, మెదడు గడప దగ్గరా అది ఎక్కాల్సిన బండిలోకే తిండిలోని అమైనో ఆమ్లాలూ ఎక్కుతాయి. సీటు కోసం పోటీ, అంతే. కాబట్టి మాత్ర భోజనానికి అరగంట ముందో, గంట తర్వాతో వేసుకోండి. వికారంగా ఉంటే చిన్న బిస్కెట్‌తో వేసుకోవచ్చు. డోసు డోసుకూ మధ్య మందు పని జారిపోతున్నవాళ్లకు మాత్రం ప్రొటీన్‌లో ఎక్కువ భాగాన్ని రాత్రి భోజనానికి మారుస్తాం. మారుస్తాం అన్నాను, తగ్గిస్తాం అనలేదు. రోజుకు కిలో బరువుకు 0.8 నుంచి 1 గ్రాము ప్రొటీన్ అందాల్సిందే, కిడ్నీ జబ్బు ఉంటే లెక్క వేరు.

రెండో భయం గుసగుసగా బయటికొస్తుంది. "ఇది పాకుతుందని చదివామండీ, మా ఆయన పక్కన మనవణ్ని పడుకోబెట్టొచ్చా?" నిశ్చింతగా పడుకోబెట్టండమ్మా. పాకేది ఒకే మెదడులో, కణం నుంచి కణానికి. పేషెంట్ల మెదడులోకి మార్పిడి చేసిన కొత్త నాడీకణాల్లో కూడా పదేళ్లు దాటాక లూయీ బాడీలు కనిపించాయని 2008లో బయటపడింది, ఆ కబురే చేతులు మారి ఇలా తయారైంది. మనిషి నుంచి మనిషికి ముట్టుకుంటేనో, ఎంగిలితోనో, సేవ చేస్తేనో రాదు. స్వీడన్, డెన్మార్క్‌లలో రక్తం ఎక్కించుకున్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించినా అలా అంటుకున్న జాడ దొరకలేదు.

మిగతావి గబగబా. వణుకు లేకపోతే పార్కిన్సన్స్ కాదా? అవుతుంది, కొంతమందికి నెమ్మదించడమే ముందు. వంశంలో వస్తుందా? ఎక్కువమందికి కాదు. వెన్నునీటిలో మడత తప్పిన సైన్యూక్లీన్‌ను పట్టే పరీక్ష నిజమే, 2023లో వచ్చిన పెద్ద అధ్యయనంలో నూటికి 88 మందిలో పట్టింది. కానీ దాని ఫలితాన్ని బట్టి ఈరోజు మీ మందు మారదు. లెవోడోపాను దాచుకుని ఆలస్యంగా మొదలుపెడితే లాభమా? లేదు, 2019లో వచ్చిన లీప్ అధ్యయనం చూసింది దీన్నే. నడవలేక అవస్థపడుతూ ఎదురుచూడకండి.

ఇక ఆ ముద్దలను "కడిగేస్తాం" అనే వ్యాపారం. సైన్యూక్లీన్‌ను పట్టుకునే యాంటీబాడీలు ప్రాసినెజుమాబ్, సిన్‌పనెమాబ్‌లే 2022లో వచ్చిన ఫలితాల్లో అనుకున్న లక్ష్యం చేరలేదు. ప్రయత్నాలు ఆగలేదు, కానీ ఇంత కష్టమైన పనిని ఒక పొడి డబ్బా చేసేస్తుందంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. మొన్న ఒకబ్బాయి అలాంటి డబ్బానే నా బల్లమీద పెట్టాడు, బ్రెయిన్ డిటాక్స్ అట. వాళ్ల నాన్నగారికి పాలూ పప్పూ మానిపించి, రోజూ రెండు చెంచాలు ఇస్తున్నాడు. వెనక్కి తిప్పి చదివాను. పదార్థాల్లో మొదటిది పాల ప్రొటీన్. పైకి చదివి వినిపించాను. ఆ పెద్దాయన ముఖంలో కండరాలు బిగుసుకుపోయాయి కదా, నవ్వు పైకి రావడానికి కాస్త సేపు పట్టింది. కొడుకు మాత్రం నవ్వలేదు.