బిల్లు మొత్తానికి ఒకటే సంతకం: అమెరికా అధ్యక్షుడి వీటోపై అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం బోధిస్తాను. అమెరికా అధ్యక్షుడి వీటో, అంటే బిల్లును తిరస్కరించే అధికారం మీద ప్రశ్న ఇచ్చినప్పుడల్లా జవాబుపత్రాల్లో అవే పొరపాట్లు. దిద్దీ దిద్దీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అపోహ: నచ్చని పద్దులు కొట్టేసి, మిగతా వ్యయ బిల్లుకు సంతకం పెట్టవచ్చు.

వాస్తవం: కుదరదు. ఉంచితే మొత్తం ఉంచాలి, తిప్పి పంపితే మొత్తం పంపాలి. అయితే ఈ పొరపాటు గాలిలోంచి పుట్టలేదు. 1996లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసే ఒక చట్టం చేసి, సంతకం పెట్టిన ఐదు రోజుల్లోగా కొన్ని పద్దులను రద్దు చేసే అధికారం అధ్యక్షుడికి ఇచ్చింది. 1997లో అప్పటి అధ్యక్షుడు క్లింటన్ 82 అంశాలను రద్దు చేశారు. ఆహారశుద్ధి కర్మాగారాన్ని రైతుల సహకార సంఘానికి అమ్మేవారికి దక్కే పన్ను వెసులుబాటు వాటిలో ఒకటి. అలాంటి కర్మాగారం కొనాలని చూస్తున్న ఐడహో బంగాళదుంప రైతులు కోర్టుకెక్కారు. మరో రద్దు వల్ల పేదల వైద్య పథకమైన మెడికెయిడ్ లెక్కల్లో దెబ్బతిన్న న్యూయార్క్ నగరమూ ఎక్కింది. 1998 జూన్ 25న సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. న్యాయమూర్తులు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు మరోవైపు. చట్టమైపోయినదాన్ని అధ్యక్షుడు ఒక్కరే తిరగరాయడం రాజ్యాంగంలో లేదన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2018 మార్చిలో, 1.3 లక్షల కోట్ల డాలర్ల బిల్లుకు ముఖం ముడుచుకుంటూనే సంతకం పెట్టిన ట్రంప్ మళ్లీ అదే అధికారం అడిగారు. రాలేదు.

అపోహ: సంతకం పెట్టకుండా ఊరుకుంటే బిల్లు మురిగిపోతుంది.

వాస్తవం: ఆదివారాలు పోను పది రోజులు దాటితే, కాంగ్రెస్ సమావేశాల్లో ఉన్నంతవరకు, సంతకం లేకుండానే అది చట్టమవుతుంది. ఆలోపు సభలు ముగిసిపోతేనే బిల్లు మురిగిపోతుంది; దాన్నే పాకెట్ వీటో అంటారు. మన పుస్తకాల్లో అదే పేరుతో చెప్పేది వేరు. మన రాష్ట్రపతికి గడువే లేదు. పైగా ద్రవ్య బిల్లును ఆయన తిప్పి పంపలేరు కూడా. పిల్లలు రెండింటినీ కలిపేస్తారు.

అపోహ: సంతకం పెట్టాక ఖర్చు చేయడం, మానడం అధ్యక్షుడి ఇష్టం.

వాస్తవం: అధ్యక్షుడిగా ఉండగా నిక్సన్ అలాగే నిధులు బిగబట్టారు. దానికి విరుగుడుగా 1974లో చట్టం వచ్చింది: వద్దనుకున్న నిధుల సంగతి కాంగ్రెస్‌కు తెలపాలి, 45 రోజుల్లో అది ఒప్పుకోకపోతే విడుదల చేయాలి. ఇక్కడే ఒక కిటుకు. అమెరికా ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 30తో ముగుస్తుంది. 2025 ఆగస్టు చివర్లో ట్రంప్ 490 కోట్ల డాలర్ల విదేశీ సాయాన్ని రద్దు చేయాలని కోరారు. 45 రోజులు పూర్తికాకముందే ఆ నిధుల గడువు తీరిపోతుంది. ప్రభుత్వ వ్యయాలను తనిఖీ చేసే జీఏవో ఇది చట్టవిరుద్ధమంది. సుప్రీంకోర్టు మాత్రం సెప్టెంబర్ 26న ఆ డబ్బును తాత్కాలికంగా ఆపి ఉంచనిచ్చింది. నాలుగు రోజులకు సంవత్సరం ముగిసింది.