స్టెప్నీ మీద అపోహలు – వాస్తవాలు: నార్కట్‌పల్లి హైవే పక్కన టైర్ల షాపు నుంచి

ఒక టైర్ పంచర్, డిక్కీ తెరిస్తే స్టెప్నీలోనూ గాలి లేదు. ఈ రెండూ కలిపి మోసుకొచ్చే బండ్లు మీరనుకునేదానికంటే చాలా ఎక్కువ. హైదరాబాద్ – విజయవాడ రోడ్డు మీద టైర్ల పని చేసే ఎవరినైనా అడగండి, ఇదే చెబుతారు. ఓనర్లేమీ నిర్లక్ష్యం మనుషులు కారు. కొన్ని మాటలు నమ్మి నిశ్చింతగా ఉంటారు, అంతే. ఆ మాటలు మాకు రోజూ వినబడేవే.

అపోహ: "ఒక్కసారి కూడా వాడలేదన్నా, కొత్తదే ఉంది"

రోడ్డు ముఖం చూడని టైర్‌లోనుంచి కూడా గాలి పోతుంది. రబ్బరు గుండా, వాల్వ్ దగ్గర కొద్దికొద్దిగా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ (టైర్‌లో గాలి ఒత్తిడి కొలత) దిగడం మామూలే. 33 కొట్టిన స్టెప్నీని ఏడాది ముట్టుకోకపోతే 20 దరిదాపుకి వస్తుంది, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. అంత తక్కువ గాలితో ఏప్రిల్ ఎండలో వేగంగా పోతే టైర్ పక్కగోడ మడత పడుతూ వేడెక్కుతుంది, చివరికి పగులుతుంది. అంటే పంచర్ నుంచి బయటపడటానికి వేసుకున్న టైరే రెండో ప్రమాదం తెస్తుంది.

ఇక వయసు సంగతి. టైర్ పక్కన డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గీతలు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు ముదురుతూనే ఉంటుంది. నల్లగొండ, మిర్యాలగూడ ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో వేడి గురించి మీకు చెప్పక్కర్లేదు. ఐదేళ్లు దాటాక ఏడాదికోసారి టైర్ తెలిసినవాళ్లకు చూపించాలి. పదేళ్లు నిండితే పైకి ఎంత బాగున్నా తీసేయాలని పెద్ద టైర్ల కంపెనీలే చెబుతాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు నాలుగు టైర్లూ వంగి వంగి చూస్తారు గానీ, స్టెప్నీ తేదీ చూసేవాళ్లు అరుదు.

అపోహ: "నొక్కి చూశా, గట్టిగానే ఉంది"

ట్యూబ్‌లెస్ రేడియల్ టైర్‌ని బొటనవేలితో నొక్కితే 18 ఉన్నా 33 ఉన్నా మీ వేలికి ఒకేలా తగులుతుంది. గాలి కొలిచే గేజ్ పెట్టాల్సిందే. బంకులో గాలి కొట్టించుకునేటప్పుడు "స్టెప్నీ కూడా చూడు" అని ఒక్క మాట అనండి. ఎంత కొట్టాలో డ్రైవర్ డోర్ తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్‌లో ఉంటుంది.

కొందరు "50 కొట్టిపెట్టు, దిగినా ఉంటుంది" అంటారు. చెప్పిన లెక్క కన్నా నాలుగైదు ఎక్కువ పెట్టుకోండి, పరవాలేదు, బండికి వేసేటప్పుడు తగ్గించుకోవచ్చు. 50 కొట్టి, తగ్గించడం మరిచిపోయి అలాగే నడిపితే బ్రేకు వేసినప్పుడు రోడ్డు పట్టు తగ్గుతుంది.

అపోహ: "స్టెప్నీ ఉంటే చాలు"

నన్నడిగితే అన్నిట్లోకి ఖరీదైన అపోహ ఇదే. టైర్ బాగుంటుంది, దాన్ని బయటికి తీయలేరు. ఇన్నోవా, స్కార్పియో లాంటి బండ్లకు స్టెప్నీ అడుగున వైరుకి వేలాడుతుంది. వానాకాలంలో నాట్ల ట్రాక్టర్లు రోడ్డు మీద రాల్చిన బురదంతా అక్కడికే ఎగిరి అతుక్కుంటుంది. వైరు తుప్పు పట్టి బిగుసుకుపోతే చీకట్లో రోడ్డు పక్కన మీరేం చేయలేరు. ఆరు నెలలకోసారి కిందికి దించండి, కడగండి, గ్రీజు పెట్టించి మళ్లీ ఎక్కించండి. గాలి కూడా అప్పుడే చూసుకోవచ్చు.

జాకీ, దాని కడ్డీ, వీల్ పానా మూడూ బండిలోనే ఉన్నాయా? అలాయ్ వీల్స్‌కి దొంగలు విప్పకుండా వేసే ప్రత్యేక నట్టు ఉంటే, దాని తాళం గొట్టం ఎక్కడ పెట్టారు? అది ఇంట్లో బీరువాలో ఉండి, బండి కోదాడ దగ్గర ఆగితే ఏ మెకానిక్కయినా తిప్పలే. సీఎన్‌జీ సిలిండర్ కోసం డిక్కీ ఖాళీ చేసి స్టెప్నీని ఇంట్లోనే వదిలేసే ట్యాక్సీల సంగతి వేరే చెప్పాలా!

అపోహ: "సన్న స్టెప్నీతో ఊరు చేరుకోవచ్చు"

కొన్ని కార్లలో వచ్చే సన్న టైర్ దగ్గరి షాపు వరకే. దాని మీదే గంటకు 80 కిలోమీటర్లు దాటొద్దని రాసి ఉంటుంది. గాలి కూడా మామూలు లెక్క కాదు, చాలావాటికి 60 పీఎస్ఐ. మిగతా నాలుగింటితో పాటు దీనికీ 33 కొట్టేసి పంపే కుర్రాళ్లున్నారు, కాబట్టి పక్కన నిలబడి చెప్పండి.

అపోహ: "పంచర్ కిట్ ఉంటే స్టెప్నీ దండగ"

2020 జూలైలో కేంద్రం నిబంధన మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, టైర్‌లో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, రిపేర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. అంతవరకు నిజమే. కానీ కిట్‌లో ఉండే జెల్ గానీ, రంధ్రంలో దూర్చే ప్లగ్ గానీ మేకు దిగిన రంధ్రానికి పనికొస్తాయి. గుంతలో పడి పక్కగోడ చీలితే రెండూ పనిచేయవు. అచ్చంపేట దాటి శ్రీశైలం వైపు పోయేవాళ్లు మరీ ఆలోచించాలి. మన్ననూరు దాటితే నల్లమల అడవి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా చెక్‌పోస్టు మూసేస్తారు. పొద్దుగూకే వేళ అక్కడ పక్కగోడ చీలితే ఏ షాపు దొరుకుతుంది?

అపోహ: "నైట్రోజన్ కొట్టించా, ఇక చూడక్కర్లేదు"

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. అది కొట్టించినా గాలి దిగుతుంది, చూడాల్సిందే.

అపోహ: "పానా మీద ఎక్కి తొక్కితేనే నట్లు గట్టిగా ఉంటాయి"

అలా తొక్కితే బోల్టు సాగుతుంది, మరలు పోతాయి. టైర్ నేలకు ఆనాక ఒకదానికెదురు ఒకటి చొప్పున బిగించండి. 50, 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి చూడండి. విప్పేటప్పుడు నట్లు కొంచెం వదులు చేశాకే జాకీ ఎత్తాలి, బండి కదలకుండా ఎదురు మూలన ఉన్న చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. జాతీయ రహదారి మీద మీ వల్ల కాకపోతే 1033కి ఫోన్ చేయండి, సాయం అందుతుంది.

అపోహ: "స్టెప్నీ వేశాం, పని అయిపోయింది"

గాలి లేని స్టెప్నీల్లో చాలావాటి అసలు కథ ఇది. పంచరైన టైర్‌ని డిక్కీలో పడేసి, రేపు మాపు అనుకుంటూ మరిచిపోతారు. పైగా గాలి లేకుండా ఒకటి రెండు కిలోమీటర్లు నడిపిన టైర్‌ని విప్పితే లోపల రబ్బరు పొడి రాలుతుంది. పక్కగోడ లోపలే నలిగిపోయిందన్న మాట, దానికి పంచర్ వేసినా లాభం లేదు. అందుకే పంచర్ వేయించేటప్పుడు డిస్క్ (రిమ్) నుంచి విప్పించి లోపల చూడమనండి. వేశాక వాల్వ్ మీద సబ్బు నీళ్లు పోయించి బుడగలొస్తున్నాయేమో చూసుకోండి, మూత పెట్టించండి, వాల్వ్ చేతికి అందేలా స్టెప్నీని డిక్కీలో సర్దించండి.