పాత తుపాకి మందు: లోపల మిగిలింది ఎంత?

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం దగ్గర తుపాకి మందు కుప్పలుతెప్పలుగా మిగిలిపోయింది. కన్సాస్‌కు చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్ ఆ సరుకును టోకున కొని వేటగాళ్లకూ, గురి పోటీల వాళ్లకూ చౌకగా అమ్మాడు. పేల్చిన ఇత్తడి గొట్టంలో కొత్త ప్రైమర్ (దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న బిళ్ల), మందు, గుండు పెట్టి మళ్లీ తూటా చేసుకోవడాన్ని అక్కడ రీలోడింగ్ అంటారు. (మన దగ్గర లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే ఆయుధ చట్టం కింద నేరం.) సైన్యం దగ్గర మిగిలిన అలాంటి సర్‌ప్లస్ మందు డబ్బాలు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. వాటిని వాడొచ్చా అంటే, తయారైన ఏడాది చూసి చెప్పలేం.

పొగ రాని ఈ మందుకు ప్రాణం నైట్రోసెల్యులోజ్, అంటే నైట్రిక్ ఆమ్లం పట్టించిన దూది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెయ్ దాన్ని మెత్తటి ముద్దగా చేసి, పలకలుగా సాగదీసి, తుపాకికి పనికొచ్చే మందుగా మార్చాడు. పాతకాలపు సినిమా రీళ్లూ ఇదే జాతి. 2003లో పుణేలో అగ్నిప్రమాదం జరిగి పాత సినిమాల నైట్రేట్ రీళ్లు బూడిదైపోయాయి.

దీని స్వభావంలోనే తిరకాసుంది. అణువులో నైట్రో భాగాన్ని పట్టి ఉంచే బంధం బలహీనమైనది. డబ్బా మూత తీయకపోయినా ఆ బంధాలు ఒక్కొక్కటిగా తెగుతూ నైట్రోజన్ డయాక్సైడ్‌ను వదులుతుంటాయి. దానికి చెమ్మ తోడైతే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మిగతా బంధాలను ఇంకా వేగంగా తెంపుతుంది. పుట్టిన వేడి బయటికి పోయే దారి లేకపోతే, పచ్చిగడ్డి వామి వేసినప్పుడు లోపల కాగినట్టు, కుప్ప దానంతటదే అంటుకోవచ్చు. 1907 మార్చిలో ఫ్రాన్స్‌లోని తూలాన్ రేవులో ఇయెనా యుద్ధనౌక పేలి సుమారు 120 మంది చనిపోయారు. నాలుగేళ్లకు అదే రేవులో లిబర్తే అనే మరో యుద్ధనౌక పేలింది. రెండింటికీ పాడైన మందే కారణమని తేల్చారు.

అందుకే మందులో ఒక శాతం అటూఇటూగా డైఫినైలమీన్ లాంటి స్టెబిలైజర్ కలుపుతారు. అది కుళ్లును ఆపలేదు. వెలువడే వాయువును పట్టుకుని తానే ఖర్చయిపోతుంది. కాబట్టి చూడాల్సింది అది ఇంకా ఎంత మిగిలిందన్నదే. చల్లని, పొడి గదిలో ఉన్న డబ్బా దశాబ్దాలు నిలుస్తుంది. వేసవిలో రేకు షెడ్డులో ఉడికిన డబ్బాకు ఆ భరోసా లేదు. అది ఏ షెడ్డులో ఎన్ని ఎండాకాలాలు గడిపిందో అమ్మేవాడికే తెలియదు!

వాసన చూసి తేల్చేస్తామనేవాళ్లున్నారు. మంచి మందుకు ఈథర్, ఆల్కహాల్ వాసన ఉంటుంది. పాడైనది ముక్కు మండించే ఆమ్లపు ఘాటు కొడుతుంది, డబ్బాలో తుప్పులాంటి ఎర్రటి పొడి కనిపిస్తుంది. పాత తూటా విప్పితే గుండు అడుగున పచ్చటి చిలుము పట్టి ఉండవచ్చు. ఇలాంటి గుర్తులు కనిపిస్తే ఇక ఆలోచించే పనే లేదు, పారేయాల్సిందే. కానీ అవి కనిపించలేదని మందు బాగున్నట్టు కాదు. స్టెబిలైజర్ లెక్క ల్యాబ్‌లోనే తేలుతుంది.

ఇంకో చిక్కు, నా దృష్టిలో రోజువారీగా ఇదే పెద్దది. దుకాణంలో దొరికే మందును ఏ లాటైనా (ఒక విడతలో తయారైన సరుకు) ఒకేలా మండేట్టు కలిపి సరిచూస్తారు. సైన్యానికి ఆ పట్టింపు లేదు. ఫ్యాక్టరీలో ప్రతి లాటుకూ పీడనం కొలిచి, ఎంత నింపాలో అప్పటికప్పుడు నిర్ణయిస్తారు. అందుకని సర్‌ప్లస్ డబ్బా మీద తెలిసిన మందు నంబరే ఉన్నా, రీలోడింగ్ మాన్యువల్‌లోని కొలత దానికి వర్తించకపోవచ్చు. పైగా ఏళ్ల తరబడి ద్రావకం, తేమ ఆరిపోయిన మందు ముందుకంటే చురుగ్గా మండవచ్చు. తుపాకిలో తూటా కూర్చునే గదిలో పీడనం గీత దాటిందంటే, ఆ గది నుంచి కంటికి ఉన్న దూరం జానెడు.

సరుకు పెద్దమొత్తంలో ఉంటే వ్యవహారం ఊరిదాకా వస్తుంది. 2012 అక్టోబరులో లూసియానాలోని క్యాంప్ మిండెన్‌లో ఒక గోదాం పేలింది. తర్వాత వెతికితే అక్కడ సరైన నిల్వ ఏర్పాట్లు లేకుండా పడి ఉన్న పాత ఫిరంగి మందు దాదాపు 7,000 టన్నులు బయటపడింది. ఆరుబయట తగలబెడతామంటే చుట్టుపక్కల జనం ఒప్పుకోలేదు. చివరికి పొగను శుద్ధిచేసే మూసిన కొలిమి తెప్పించి కొంచెం కొంచెంగా కాల్చారు. స్టెబిలైజర్ అయిపోయేలోగా పని ముగించాలన్న టెన్షన్‌తోనే అది 2017 దాకా సాగింది.